పడమటి సముద్రానికి ఎనిమిది మంది

మా లైన్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్, ఇరవై ఎనిమిదేళ్లు టూర్లు ప్లాన్ చేశారుగా, మాకేదైనా చిట్కా చెప్పండి" అంటారు. చిట్కాలన్నీ ఇప్పుడు వాళ్ల ఫోన్లలోనే ఉన్నాయి. ఏ ఊళ్లో ఏ పూట వాన పడుతుందో, ఏ హోటల్లో ఇడ్లీ దొరుకుతుందో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నా దగ్గర మిగిలినవి నేను చేసిన తప్పులు మాత్రమే. వాటిలో ఒకటి చెబుతాను. ఉద్యోగం మానడానికి ఏడాది ముందు చేసిన తప్పు అది. అప్పటికి నాకు అన్నీ తెలుసన్న నమ్మకం బాగా ముదిరి ఉంది.

గుంటూరు బ్రాడీపేటలో మా ఆఫీసు. నా సీటు వెనక గోడ మీద సింగపూర్, దుబాయ్, బ్యాంకాక్ బొమ్మలు ఉండేవి. ఫారిన్ ప్యాకేజీలంటే నా తర్వాతే అని ఆఫీసులో పేరు. దేశంలో టూర్లంటే మా ఓనరు గారికి చిన్నచూపు, నాకు అంతకంటే చిన్నచూపు. అవి వంటమాస్టారి చేతిలో ఉండేవి. ఆయన ఉద్యోగం బస్సులో గ్యాసు పొయ్యి పెట్టుకుని వెళ్లి యాత్రికులకు వండి పెట్టడం. కాశీ నుంచి కన్యాకుమారి దాకా ఏ ఊళ్లో ఏ సందులో మంచి నీళ్లు దొరుకుతాయో చెప్పగలడు. "కడుపు చల్లగా ఉంటే కళ్లకు అన్నీ బాగానే కనిపిస్తాయమ్మా" అనేవాడు. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

ఫిబ్రవరిలో ఒక రోజు పర్చూరు దగ్గర పల్లె నుంచి ఒక కుటుంబం వచ్చింది. ముందు నడిచినావిడ రిటైరైన నర్సమ్మ. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక ఇద్దరు తమ్ముళ్లను తనే పెంచి పెద్ద చేసింది. పెద్ద తమ్ముడు రైతు. మిరప, కొంత పత్తి. ఆయనకు భార్య, డిగ్రీ చదివే కూతురు. చిన్న తమ్ముడిది పర్చూరులో ఎరువుల దుకాణం. ఆయనకు భార్య, ఇద్దరు ఆడపిల్లలు. మొత్తం ఎనిమిది మంది. అన్నదమ్ములిద్దరూ నా బల్లకు చెరో చివర కూర్చున్నారు. మధ్యలో కుర్చీలు ఖాళీగా ఉన్నా ఎవరూ జరగలేదు.

"థాయ్‌లాండ్ అయితే బాగుంటదండి. మా షాపుకి వచ్చే డీలర్లంతా వెళ్లొచ్చారు" అన్నాడు చిన్నాయన.

నేను అప్పటికే రంగుల కాగితాలు పరిచేశాను. పెద్దాయన వాటి వంక చూడనైనా లేదు.

"నాకు పాస్‌పోర్టు లేదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో ఒక తృప్తి కనిపించింది.

"అదెంతసేపండి, నెలరోజుల్లో వచ్చేస్తుంది" అన్నాను.

నర్సమ్మ నా చేతిలో కాగితాలు తీసుకుని, సర్ది, తిరిగి నా ముందే పెట్టింది. "వద్దమ్మాయ్. మన దేశంలోనే చూపించు."

నాకు ఒళ్లు మండింది. పొరుగింటి పుల్లకూర రుచి మరిగిన వాళ్లను వందల మందిని చూశాను గానీ, వడ్డించిన విస్తరి పక్కకు నెట్టేసిన మనిషిని చూడటం అదే మొదలు. ఆలోచించుకుని రమ్మని పంపించాను.

మర్నాడు ఆవిడ ఒక్కతే వచ్చింది. కూర్చోగానే అసలు సంగతి చెప్పింది. పొలం మధ్య గట్టు జరిగిందని అన్నదమ్ములకు మాటా మాటా వచ్చింది. రెండేళ్లయింది మాటల్లేక. ఒక ఊళ్లో పెళ్లికి వెళ్లినా ఒకడు తిని లేచాక రెండోవాడు కూర్చుంటాడు. పండక్కి ఈవిడ వండిపెడితే కూడా రెండు క్యారేజీలు రెండు ఇళ్లకు వెళ్లాల్సిందే.

"వాళ్లిద్దరూ ఒక గిన్నెలోంచి తినాలి. నాకు అంతకుమించి ఏం అక్కర్లా" అంది. "ఫారిన్ అంటే పెద్దాడికి పాస్‌పోర్టు సాకు. అది వస్తే గాలిలో ఎగరడం భయమని ఇంకో సాకు. మన దేశంలో అయితే బస్సు ఎక్కడమేగా. ఏ సాకు చెబుతాడో నేనూ చూస్తా."

"ఆయన అసలు వస్తారంటారా?"

"ముప్పై ఏళ్లు ఊరి పిల్లలకు టీకాలు వేశానమ్మాయ్. గింజుకునేవాణ్ని ఎట్లా పట్టుకోవాలో నాకు తెలుసు. నువ్వు సూది సిద్ధం చెయ్యి చాలు."

ఆ మాటతో నా చిన్నచూపు కాస్త దిగింది. పంతం నాకూ తక్కువేం కాదు. ఈ ఎనిమిది మందినీ ఒకే బస్సులో కూర్చోబెట్టి తీరాలని ఆ రోజే అనుకున్నాను. ఇదంతా విని మా ఓనరు గారు, "ఇంత చిన్న టూర్‌కి అంత హడావిడేంటి మేడమ్" అన్నారు. వంటమాస్టారు మాత్రం, నేను పిలవకుండానే వచ్చి నా బల్ల ముందు కుర్చీ లాక్కున్నాడు.

ఎక్కడికి వెళ్లాలో తేల్చడానికి మళ్లీ అందరినీ పిలిచాం. పిల్లలు కోటలు, కొండలు అన్నారు. చిన్నాయన భార్య, ఆ ఇంటి చిన్న కోడలు, అడిగింది మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. "మాది కొత్తపట్నం దగ్గరండి. చిన్నప్పటినుంచీ సముద్రంలోంచి సూర్యుడు లేవడమే చూశా. సముద్రంలో మునిగేది ఒక్కసారి చూడాలని ఉంది." అంత చిన్న కోరిక ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగలేదు. దానికి విమానం అక్కర్లేదు, దేశానికి అవతలి ఒడ్డుకు పోతే చాలు.

పెద్దాయన్ని అడిగితే చాలాసేపు నీళ్లు నమిలాడు. చివరికి, "బ్యాడగిలో మిరపకాయ ముడతలు పడి ఉంటదంట. రంగే గానీ కారం ఉండదంట. అదేం కాయో" అన్నాడు, వెటకారంగానే. వంటమాస్టారు నా కాలు తొక్కాడు. నేను వెంటనే రాసుకున్నాను. కర్ణాటకలో హంపి, అక్కణ్నుంచి బ్యాడగి, అక్కణ్నుంచి ఘాట్ రోడ్డు దిగి కార్వారు సముద్రం. ఏడు రోజులు. ఒక చిన్న బస్సు, మన డ్రైవరు, మన వంట. పిల్లల పరీక్షలు ఎప్పుడు అయిపోతాయో కనుక్కుని, మర్నాడే బయలుదేరేట్టు ఏప్రిల్లో తేదీ పెట్టాను. అందరూ సరే అన్నారు. పెద్దాయన కూడా తల ఊపాడు.

ఆ తేదీయే నా తప్పు.

బయలుదేరే రోజు తెల్లవారుతుండగా బస్సు, నేను, డ్రైవరు, వంటమాస్టారు ఆ పల్లె చేరాం. టూర్ మేనేజరుగా నేను కూడా వెళ్లాలి. దారిలోనే పడమటి వైపు మబ్బు పట్టి ఉంది. అయిదు నిమిషాల్లో చిన్నాయన కుటుంబం, నర్సమ్మ సామానుతో సహా ఎక్కి కూర్చున్నారు. పెద్దాయన ఇంటి ముందు ఎవరూ లేరు.

"కల్లం దగ్గరున్నాడంట" అంది నర్సమ్మ.

ఊరి చివర కల్లం. అక్కడ బస్సు దిగి చూశాను. కల్లం నిండా ఎర్రగా కాయలు పరిచి ఉన్నాయి. చివరి కోత. ఇంకా సగమే ఎండాయి. ఆ ఏడు పంటలో చేతికి మిగిలింది అదేనట, ముందు కోతలు తెగులుకు పోయాయి. మిరపకాయ ఎండేటప్పుడు తడిస్తే తెల్లబడి తాలు అవుతుంది. యార్డులో తాలు కాయ వంక ఎవరూ చూడరు. గుంటూరులో పుట్టి, మిర్చి యార్డు ఘాటుకు తుమ్ముతూ పెరిగినదాన్ని, నాకీ సంగతి తెలియక కాదు. ఎనిమిది మందినీ ఏం చూస్తారు, ఏం తింటారు, ఏ వైపు కూర్చుంటారు అని అడిగాను. కాయలు ఎప్పటికి ఎండుతాయి అని అడగలేదు. బడి క్యాలెండరు చూసి రైతు ఇంటికి ముహూర్తం పెట్టాను.

పెద్దాయన, ఆయన భార్య, కూతురు, ఇంకా కాయలు కోయించే మేస్త్రీ, నలుగురూ కాయలు కుప్ప చేస్తున్నారు. మేస్త్రీ అంటే ఆడమనిషే. ఇరవై మంది కూలీలను పోగేసి తోటలకు తీసుకెళ్తుంది. ఆ రోజు ఆవిడ మనుషులు వేరే ఊళ్లో కోతకు వెళ్లారు.

"మీరు వెళ్లిరండి. నేను రాను" అన్నాడు పెద్దాయన, తల ఎత్తకుండా.

అంతలోనే ఎక్కడో ఉరిమింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎవరి మీదో కాదు, నా మీదే. కల్లంలోకి చెప్పులతో దిగకూడదని మా అమ్మమ్మ చెప్పిన మాట ఒక్కటి గుర్తొచ్చింది. చెప్పులు విడిచి, చీర కొంగు దోపుకుని దిగాను. నా వెనకే వంటమాస్టారు, డ్రైవరు. నర్సమ్మ సరేసరి. చిన్న కోడలు పిల్లలిద్దరినీ బస్సులోంచి దింపి, మొహానికి చున్నీ కట్టి తీసుకొచ్చింది. గాలి లేచింది. ఘాటుకు అందరం తుమ్మడమే.

చిన్నాయన గట్టు మీదే నిలబడ్డాడు. రెండేళ్లుగా ఆ కల్లంలో అడుగు పెట్టలేదాయన. కొత్త ప్యాంటు, కొత్త బూట్లు. నర్సమ్మ ఆయన్ను ఏమీ అనలేదు. ఆయన వంక చూడను కూడా లేదు. నేను అయితే నోటికొచ్చింది అనేసేదాన్నే, ఆవిడ మొహం చూసి ఆగాను.

కాయల మీద కప్పే పెద్ద టార్పాలిన్ పట్టా విప్పేసరికి గాలికి అది ఎగిరి ఒక కొస పెద్దాయన చేతిలోంచి జారింది. జారినవైపు గట్టు మీద ఉన్నది చిన్నాయన ఒక్కడే.

"ఆ కొస పట్టుకో" అని అరిచాడు పెద్దాయన.

రెండేళ్ల తర్వాత మొదటి మాట అది. అందరం విన్నాం. చిన్నాయన బూట్లు విప్పాడు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి మరీ దిగాడు. పట్టా కొస పట్టుకుని లాగి, చుట్టూ రాళ్లు పెట్టించి, పార తీసుకుని నీళ్లు పోవడానికి బోదె తవ్వాడు. చేతికి అలవాటు పోలేదు. ఎండిన కాయ వరకూ టిక్కీలకెత్తి మేస్త్రీ మూతులు కుట్టేసింది. టిక్కీ అంటే మా వైపు మిరపకాయల బస్తా. ఆఖరిది వాన వెలిసేదాకా బస్సులోనే పడేశాం, దాని ఘాటు వారం దాకా పోలేదని డ్రైవరు తర్వాత నన్ను తిట్టుకున్నాడు.

వాన వచ్చింది. గంట సేపు దంచి, ఏమీ ఎరగనట్టు పోయింది. పట్టా ఎత్తి చూస్తే కాయ పొడిగానే ఉంది. వంటమాస్టారు బస్సు పక్కనే పొయ్యి వెలిగించి, హంపి దారిలో వడ్డించాల్సిన పులిహోర అక్కడే కలిపాడు. నా చేతులు మంట పుట్టి ఎర్రబడితే మేస్త్రీ మజ్జిగ పోసి రుద్దింది.

సూది దిగిందనుకున్నాను. దిగలేదు. చిన్నాయన పేపరు ప్లేటు తీసుకుని బస్సెక్కాడు. పెద్దాయన పట్టా దగ్గరే కూర్చుని తిన్నాడు.

"ఇప్పుడు బయలుదేరినా నంద్యాలలో ఆగి, రేపు హంపి చూడొచ్చు" అన్నాను ఆయనతో.

"నేనెట్లా వస్తానమ్మా. ఎండ రాగానే పరచాలి, సాయంత్రం కుప్ప చేసి కప్పాలి, మధ్యలో తిప్పాలి. ఎవరు చేస్తారు?"

"నేను చేస్తాలే అయ్యా, నువ్వు పో" అంది మేస్త్రీ.

"నీ మనుషులు కోతల్లో ఉన్నారు. ఒక్కదానివల్ల కాదు."

నిజమే. ఆ పట్టా ఒక్కరి వల్ల లేచేది కాదు. నర్సమ్మ మొహంలో మొదటిసారి అలసట చూశాను. ఇంత చేసినా సాకు ఆకాశం నుంచి ఊడిపడింది. దానికి దారి తెరిచింది నేను.

"ఇద్దరం అయితే అవుతుందా?" అని అడిగాను మేస్త్రీని.

"ఇద్దరైతే అవుద్ది."

"అయితే నేను ఉంటాను. తేదీ పెట్టింది నేను. మీ కల్లం సంగతి అడక్కుండా పెట్టాను. ఏడు రోజులూ ఇక్కడే ఉండి మీ కాయలు నేను చూసుకుంటాను. మీరు బస్సెక్కండి అన్నగారూ."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "కాయలు తిప్పడం నీకు వచ్చా?"

"రాదు. నేర్చుకుంటాను. పొద్దునా సాయంత్రం ఫొటో తీసి పంపుతాను. తేడా వస్తే ఎక్కడున్నా వెనక్కి వచ్చేయండి."

"ఇంకేం సాకు మిగిలిందిరా?" అంది నర్సమ్మ.

ఆయన లేచి ఇంటి వైపు వెళ్లిపోయాడు. ఇక రాడేమో అనుకున్నాం. కాసేపటికి భుజాన సంచీతో వచ్చాడు. ఆయన భార్య నా చెవిలో చెప్పింది, "మూడు రోజుల కిందటే సర్దుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

బస్సు వెళ్లాక ఓనరు గారికి ఫోన్ చేశాను. "టూర్ మేనేజరు టూర్‌కి వెళ్లకుండా మిరపకాయలు కాస్తుందా?" అన్నారు. సెలవు రాసుకోమన్నాను. దారి చూపించడానికి వంటమాస్టారున్నాడు, ఆ దారులు ఆయనకే బాగా తెలుసు. ఇంటికి చెబితే మా ఆయన, "జాగ్రత్త, ఆ కాయల ఘాటు నీ ముందు చిన్నబోతుంది" అని పెట్టేశాడు.

మేస్త్రీ ఇంట్లోనే నా మకాం. ఆవిడ పని నేర్పడంలో మా నాన్నను మించింది, మా నాన్న మిషన్ స్కూల్లో మాస్టారు. కాలితో తిప్పితే కాయ విరుగుతుందని, చెక్క పారతో తిప్పాలని, మంచు ఆరకముందే పట్టా తీయకూడదని చెప్పింది. రెండో రోజుకు నా నడుము పట్టేసింది. ఆదివారం ఇద్దరం గుడికి, అంటే చర్చికి, వెళ్లాం. పాస్టరు గారు ప్రసంగం మధ్యలో ఉండగా కిటికీలోంచి ఎండ తగ్గింది. మేస్త్రీ నా మోచెయ్యి పొడిచింది. ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకున్నప్పుడు ఇద్దరం చెప్పులు చేత్తో పట్టుకుని బయటపడ్డాం. అది ఉత్త మబ్బే. అయినా వెనక్కి వెళ్లలేదు, కాయలు ఒకసారి తిప్పి కూర్చున్నాం.

పెద్దాయన రోజుకు రెండుసార్లు ఫోన్ చేసేవాడు. వీడియో కాల్. హలో లేదు, ఏం లేదు. "కుప్ప చూపించు. ఆ పక్క చూపించు. చేత్తో గలగలలాడించు, చప్పుడు వినాలి." నేను ఆడించేదాన్ని. ఆయన మొహం వెనక హంపి రాళ్లు, గుళ్లు, సెలవులకొచ్చిన జనం కనిపించేవారు. ఆయన మాత్రం నా వెనక ఉన్న కాయలనే చూసేవాడు. అన్నదమ్ములు ఎలా ఉన్నారని వంటమాస్టార్ని అడిగితే, "ఒకే పంక్తిలో కూర్చుంటున్నారమ్మా. మాటల్లేవు. పప్పు మాత్రం ఒక గిన్నెలోదే" అన్నాడు.

బ్యాడగి చేరిన రోజు ఫోన్ కాస్త ఆలస్యమైంది. పెద్దాయన చేతిలో ముడతలు పడ్డ, ముదురు ఎరుపు కాయ ఒకటి. తెరకు దగ్గరగా పెట్టి చూపించాడు. "చూశావా అమ్మా, రంగు చూడు. కారం లేదు. మావాడి మాటల్లాగా." పక్కనుంచి ఎవరో నవ్వారు. చిన్న కోడలు అనుకున్నాను. ఆ వెంటనే, "నీదంతా కారమే, రంగు లేదు" అని ఒక మగగొంతు వినిపించింది. పెద్దాయన వెంటనే కుప్ప చూపించమన్నాడు.

అయిదో రోజు కార్వారు. మా కల్లంలో అప్పటికే పొద్దు కుంకింది. కాయ బాగా ఎండింది, చేతిలోకి తీసుకుంటే గలగలలాడుతోంది. ఇద్దరం కుప్ప చేసి, పట్టా కప్పి, రాళ్లు పెట్టాం. వెలుగు పూర్తిగా పోకముందే నేను ఫొటో తీశాను. పంపబోతుంటే ఫోన్ మోగింది. పెద్దాయన నంబరే.

తెర మీద అంతా ఎరుపు. ఇక్కడ చీకటి పడుతోంది, అక్కడ సూర్యుడింకా నీళ్ల మీదే ఉన్నాడు. మన దేశం ఎంత పెద్దదో పాతికేళ్లు టిక్కెట్లు అమ్మినా నాకు తెలియలేదు. ఆ నిమిషంలో తెలిసింది. మేస్త్రీ నా భుజం మీదుగా వంగి, "ప్రభువా" అంది మెల్లగా.

ఫోన్ అటూ ఇటూ ఊగుతోంది. చిన్న కోడలు నీళ్లలో మోకాళ్లదాకా నిలబడి ఉంది. పిల్లలు పక్కన. కొంచెం వెనక నర్సమ్మ, ఇసకలో కూర్చుని. ఆవిడ సముద్రం వంక చూడటంలేదు, ఫోన్ పట్టుకున్నవాళ్ల వంక చూస్తోంది.

"అన్నాయ్, అట్లా కాదు, అడ్డంగా పట్టుకో. నువ్వు పట్టుకుంటే సగం ఇసకే కనిపిస్తంది. ఇటివ్వు."

"ఇస్తున్నా ఉండరా. ఏందా తొందర."

తెరకు అడ్డంగా ఒక చెయ్యి, దాని మీద ఇంకో చెయ్యి. ఫోన్ నిలకడగా నిలబడింది. సూర్యుడు నీళ్లను తాకాడు. కొత్తపట్నం పిల్ల చప్పట్లు కొట్టింది. నాకు కళ్లు నిండిపోయాయి, ఘాటువల్ల కాదు. ఎర్రటి ముక్క చిన్నదవుతూ చిన్నదవుతూ పోయింది. తర్వాత ఫోన్ కట్ అయిపోయింది. చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మళ్లీ చేస్తాడేమో, కుప్ప చూపించమంటాడేమో అని.

చెయ్యలేదు. ఆ పూట కాయల సంగతి ఆయన అడగలేదు. నేను తీసిన ఫొటో పంపలేదు. ఇప్పటికీ నా ఫోన్లోనే ఉంది.